బురదలో ఆరు దసరాలు

దేవేంద్రప్ప ఒకసారి నాపబండను చీలిస్తే లోపల్నుంచి చేప ఎగిరిపడిందట. దాన్ని పట్టి పులుసు పెట్టుకుని తిన్నాడట. ఆ చేప ఏటేటా పెరుగుతూ వచ్చింది. మొదట్లో అరచెయ్యంత ఉండేది. తర్వాత మోచేయంత అయింది. ఇప్పుడు డెబ్బై రెండేళ్ళ వయసులో చెప్తుంటే, గనిలోని పద్దెనిమిది మంది కూలీలకూ లారీ డ్రైవరుకూ సరిపోయి, తోక మిగిలింది. ముల్లు చూపించమంటే, పళ్ళు కుట్టుకోవడానికి లారీ డ్రైవరు పట్టుకుపోయాడనేవాడు.

బేతంచెర్లకు అంత దూరంలో లేని ఆ పల్లెలో అతని కథలకు నవ్వేవాళ్ళు చాలామంది ఉన్నారు, నమ్మేవాళ్ళు లేరు. ఒక్క ఈరక్క తప్ప. ఆమె కూడా అన్నీ నమ్మలేదు. ఒకటే నమ్మింది. నాపబండలు కోసే పాలిష్ ఫ్యాక్టరీ బురదను ఈరక్క చేని పక్కనున్న కుంటలోకి వదలడానికి గొట్టం వెయ్యమని ఓనరు రామకృష్ణ చెప్పినప్పుడు, అప్పట్లో అక్కడ మేస్త్రీగా ఉన్న దేవేంద్రప్ప, సమ్మెటను ఓనరు కాళ్ళ ముందు పడేసి, ఒంటి మీది తువ్వాలు దులుపుకుని వచ్చేశాడన్న కథ. అందులో చేపలు లేవు కాబట్టి నమ్మిందేమో. ఆరేళ్ళుగా రోజూ పొద్దున అతనికి చెంబుడు మజ్జిగ ఇస్తోంది.

ఆ మంగళవారం కూడా అతను మజ్జిగ కోసమే వచ్చి బావిగట్టు మీది బండపై కూర్చున్నాడు. ఈరక్క బిందెతో నీళ్ళు చేది పక్కన పెట్టింది. కాసేపు ఇద్దరూ బిందెలోకే చూశారు. పైనీళ్ళు తేటపడ్డాయి. అడుగున వేలెడు మందాన తెల్లటి మడ్డి కూర్చుంది. ఆమె నాలుగు మడతలు వేసిన పాతచీర ముక్కలో పైనీళ్ళు వడగట్టింది. ఆ గుడ్డ ఆరితే అట్టలా నిలబడుతుంది. ఆవు వచ్చి తొట్టిలో మూతి పెట్టి, ముక్కు చీదుకుని, వెనక్కి పోయింది.

“బావికి పాలు పడినాయి ఈరక్కా. డైరీ పెట్టుకో,” అన్నాడు దేవేంద్రప్ప.

“నీ నోరు పడిపోను. ఆవుకు నీకంటే తెలివి ఉండాది, తాగదు.”

అతను వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. సున్నం నాకినట్టు నాలుక పూడుకుపోయింది. మూడుసార్లు ఉమ్మినా ఆ మెత్తదనం పంటి సందుల్లోంచి పోలేదు. తాగడానికి ఆ ఇంట్లో క్యాన్ నీళ్ళు కొంటున్నారు. ఒళ్ళు కడుక్కోవడానికీ, గిన్నెలకూ, పశువులకూ ఇవే. నాలుగెకరాల చేను కుంటవైపు నుంచి అట్టకట్టుకుంటూ వస్తోంది. వాన పడినా నీరు లోపలికి ఇంకదు. పోయినేడు అక్కడ వేసిన కంది మొలకెత్తినచోటే చచ్చింది.

ఈరక్క ఫ్యాక్టరీకి నాలుగుసార్లు పోయింది. నాలుగుసార్లూ ఒకటే మాట. “గొట్టమా? ఏ గొట్టం? దేవేంద్రప్ప చెప్పినాడా? చేప గూడా చెప్పినాడే!” గొట్టం నోరు బురద కింద మునిగిపోయి ఎవరికీ కనబడదు. దాన్ని పూడ్చిన ఒరిస్సా కూలీలు ఎప్పుడో వెళ్ళిపోయారు. ఊళ్ళో ఆ గొట్టం దేవేంద్రప్ప రెండో చేప అయి కూర్చుంది.

చివరికి ఈరక్క మనవరాలు శివకుమారి పై ఆఫీసుకు అర్జీ పెట్టింది. శుక్రవారం కాలుష్యం ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడు. దానికోసమే ఆ పిల్ల గోవా నుంచి పది రోజుల సెలవు పెట్టి వచ్చింది. ఆమె పని ఏమిటో ఊళ్ళో ఎవరికీ సరిగా అర్థం కాలేదు. దక్షిణ ధ్రువం దగ్గరి మంచు సముద్రంలోకి ఓడ మీద పోయి, నీళ్ళ కింది బురదను గొట్టాల్లో పైకి లాగి, తెచ్చి, కోసి చూసే ఆఫీసు.

“బురద కోసం గోవా దాకా ఏంటికి పోయినావు పాపా? ఈడ మీ అవ్వ చేన్లోనే కావల్సినంత ఉండాది,” అన్నాడు దేవేంద్రప్ప.

శివకుమారి పళ్ళు తోముకుంటూ వచ్చి అతని పక్కన కూర్చుంది. “తాతా, నీ చేప కథ నాకొక విధంగా ఇష్టం. నిజంగానే ఈ బండంతా ఒకప్పుడు సముద్రం అడుగే.”

దేవేంద్రప్ప లేచి నిలబడ్డాడు. “ఇంటివా ఈరక్కా! సదువుకున్న పిల్ల చెప్తాండాది! నలభై ఏండ్లుగా మొత్తుకుంటాండా!”

“ఉండు తాతా. సముద్రం ఉండేది గానీ, అప్పటికింకా చేపలు పుట్టలేదు. చేపే కాదు, గవ్వ గూడా పుట్టలేదు. అంత పాత సముద్రం.”

అతను మళ్ళీ కూర్చున్నాడు. “ఐతే మరి నేను తిన్నదేంది?”

ఈరక్క పడీపడీ నవ్వింది. చాలా రోజులకు ఆ ఇంట్లో నవ్వు వినబడింది. శివకుమారి నోరు కడుక్కుని వచ్చి చెప్పింది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు నీళ్ళలో కరుగుతుంది. వెచ్చటి సముద్రంలో అది సున్నంగా మారి, పొడిలా రాలి, పొర మీద పొర పడి, బండ అయింది. నువ్వు చీల్చిన ప్రతి నాపబండలోనూ అప్పటి గాలి బందీగా ఉంది. మంచు సముద్రంలో ఇంకో రకం. సూదిమొన కంటే చిన్న పచ్చటి ప్రాణులు ఆ గాలినే తిని బతుకుతాయి, చచ్చి కిందికి రాలతాయి. వందలో ఒకటి కూడా అడుక్కి చేరదు. చేరినది మాత్రం బురదలో పూడుకుపోయి వేలవేల ఏళ్ళు అక్కడే ఉంటుంది. ఏ ఏడు ఎంత రాలిందో, ఏ ఏడు మంచు కరిగిందో, పొరలు చూసి చెప్పొచ్చు.

“మేం గూడా అంతే,” అన్నాడు దేవేంద్రప్ప. “బండను తట్టి చూస్తే మోగుతాది. ఏడ పొర ఉండాదో అదే చెప్తాది. మేం పైనుంచి లెక్క పెడతాం. పైది ఒకటో పొర, దాని కిందిది రెండో పొర.”

“మేం అడుగునుంచి. అడుగున ఉండేదే ముందు పడింది.”

“అందుకే మీకు గోవాలో జీతం, మాకు ఈడ బొబ్బలు.”

*

ఆ సాయంత్రం హైస్కూల్లో శివకుమారి చేత పిల్లలకు నాలుగు మాటలు చెప్పించారు. బెంచీలు దానం చేసిన రామకృష్ణ శాలువాతో ముందు వరసలో కూర్చున్నాడు. ఆమె గోడ మీద బురద బొమ్మలు చూపించింది. గొట్టాన్ని నిలువునా కోస్తే లోపల నల్లటి గీత, తెల్లటి గీత, మధ్యలో మంచుగడ్డ మోసుకొచ్చి పడేసిన గులకరాయి. బురద గాలిలోని చెడుగును దాచుకుంటుందన్న మాట వినగానే అందరికంటే ముందు రామకృష్ణ చప్పట్లు కొట్టాడు. దేవేంద్రప్ప వెనక తలుపు దగ్గర నిలబడి ఆ చప్పట్లు చూశాడు. మనిషి చేతులు చప్పట్లు కొడుతున్నాయి, కళ్ళు మాత్రం ఎక్కడో లెక్క వేస్తున్నాయి.

బుధవారం పొద్దెక్కేసరికి కుంట గట్టు మీద రెండు కర్రలు పాతి, పచ్చటి బ్యానరు కట్టారు. ‘కర్బన నిల్వ కొలను. ప్రకృతి ఆస్తి. తవ్వరాదు.’ ఒక మూల పెంగ్విన్ పక్షి బొమ్మ. ఆ పక్షి కింద ఎండకు పెళ్ళలు విచ్చిన తెల్లటి బురద, బురదలో కాళ్ళు ఇరుక్కుని చచ్చి ఎండిన కొంగ. గాలి వీస్తే పొడి లేచి నోట్లో పడింది. దేవేంద్రప్ప ఆ పక్షినీ ఈ పక్షినీ మార్చి మార్చి చూసి ఉమ్మేశాడు.

శివకుమారి బ్యానరు చదివి మొదట నవ్వింది, తర్వాత మొహం ఎర్రబడింది. “ఇది దాచడం యాడయితాది తాతా? బండలో ఎప్పుడో దాగిందే గదా అది! దాన్ని తవ్వి, కోసి, పొడి చేసి, అవ్వ చేన్లో పోసినారు. ఒకింట్లో ఉన్న బిందెను ఇంకోరింట్లో పడేసి, నీళ్ళు నేనే తెచ్చినానంటే సరిపోతాదా? దానికి కాల్చిన డీజిలు పొగ ఎవరి లెక్క?”

“నువ్వు చెప్పిన మాటే పాపా, చప్పట్లు కొట్టి ఎత్తుకపోయినాడు.”

ఆ పిల్ల గిర్రున వెనక్కి తిరిగింది. ఇంట్లోకి పోయి, రెండు పూటలా అన్నం తినలేదని తర్వాత ఈరక్క చెప్పింది.

మధ్యాహ్నం రామకృష్ణ తనే దేవేంద్రప్ప ఇంటికి వచ్చాడు. కారు వీధి చివర ఆపి, నడుచుకుంటూ వచ్చి, అరుగు మీద దుమ్ము తుడుచుకోకుండా కూర్చున్నాడు. అది అతని మర్యాద. చేతిలో స్వీటు పొట్లం.

“ఏమప్పా దేవేంద్రప్పా, మోకాళ్ళు ఎట్లుండాయి?”

“ఉండాయి. రెండూ ఒకేసారి పనిచెయ్యవు. వంతులు వేసుకున్నాయి.”

రామకృష్ణ నవ్వాడు. పొట్లం విప్పి మధ్యలో పెట్టాడు. మైసూరుపాకు. నెయ్యి కాగితానికి అంటుకుని మెరుస్తోంది. దేవేంద్రప్పకు ఆ వాసన తగిలింది. తల పక్కకు తిప్పుకున్నాడు.

“శుక్రవారం ఆఫీసరు వస్తాడు,” అన్నాడు రామకృష్ణ. “కుంటలో బురద ఎప్పటిదని అడుగుతాడు. మా ఫ్యాక్టరీ రాకముందు ఈడ పాత గని ఉండె గదా. ఆ కాలందని చెప్పు. నేను గని పనిలో ఉన్నప్పటినుంచీ ఇట్లే ఉండాదను. ముప్పై ఏండ్ల బురద, కదిలిస్తే దాంట్లో ఉండే గాలి బయటికొస్తాది, ఉన్నట్టే ఉండనీయమని నేను అర్జీ పెట్టుకున్యా. నీ మాట మీద ఊరు నవ్వుతాది గానీ, పెద్దోనివి, ఆఫీసరు రాసుకుంటాడు.”

“నేను చెప్పేవన్నీ అబద్ధాలని నువ్వే అంటివి గదప్పా.”

“దానికేముండాది? ఇదొకటి.”

“నా అబద్ధాలకు ఎవరి బావీ పూడిపోలేదు,” అన్నాడు దేవేంద్రప్ప. అని, తనే ఉలిక్కిపడ్డట్టు చేతిలోని బీడీ కిందపడేసుకున్నాడు.

రామకృష్ణ అది గమనించాడు. గొంతు తగ్గించాడు. “ఎవరు ఏం చేసింది మనిద్దరికీ తెల్సు. నేను యాడైనా నోరు తెరిచినానా? ఆ కొలను కాడ కాపలాకు కుర్చీ వేయిస్తా, గొడుగు వేయిస్తా. టోపీ పెట్టుకుని కూర్చో. చూసేదానికి వచ్చినోళ్ళకు కథలు చెప్పుకో.”

అతను పోయాక పొట్లం అరుగు మీదే ఉండిపోయింది. చీమలు వరస కట్టాయి. సాయంత్రానికి నల్లగా కమ్ముకున్నాయి. దేవేంద్రప్ప చేటతో దాన్ని ఎత్తి, చెయ్యి తగలకుండా, దిబ్బలో పడేశాడు. చేటను కూడా కడిగాడు.

*

గురువారం పొద్దున శివకుమారి ఆరడుగుల ప్లాస్టిక్ గొట్టం, ఒక చెక్క దిమ్మె, గుడ్డలు, సన్నటి తీగ తెచ్చుకుంది. ఆఫీసరు వస్తాడని వారం నుంచి ఫ్యాక్టరీ వాళ్ళు నీళ్ళు వదలడం ఆపారు. బురద పైన అట్టలా గట్టిపడి మనిషి బరువు మోస్తోంది. అయినా దేవేంద్రప్ప ముందు చెక్కపలక పరిచి, దాని మీద నడిపించాడు.

“ఓడ మీద దీనికి పెద్ద యంత్రం ఉంటాది తాతా. ఈడ నువ్వే యంత్రం.”

అతను గొట్టం నిలబెట్టి, నెత్తిన దిమ్మె పెట్టి, సమ్మెట అందుకున్నాడు. డెబ్బై రెండేళ్ళ చేతులకు ఆ బరువు తెలియలేదు. ఒక్కో దెబ్బకూ గొట్టం నాలుగు వేళ్ళు దిగింది. ఐదడుగులు దిగాక శబ్దం మారింది. “నిజమైన నేల తగిలింది, చాలు,” అన్నాడు. శివకుమారి గొట్టం నోటికి ప్లాస్టిక్ కాగితం బిగించి గాలి చొరకుండా కట్టింది. ఇద్దరూ తిప్పుతూ పైకి లాగారు. గొట్టం వదిలిన చోట బుడగ వచ్చి పగిలి, చచ్చిన ఎలుక వాసన కొట్టింది. ఈరక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

బావిగట్టు బండ మీద గొట్టాన్ని పడుకోబెట్టి, రంపపు బ్లేడుతో రెండు వైపులా కోసి, మధ్యలోకి తీగ పోనిచ్చి లాగారు. గొట్టం పుస్తకంలా రెండుగా తెరుచుకుంది.

ముగ్గురూ వంగారు. బూడిద తెలుపు బురద మధ్యలో పల్చటి మట్టిరంగు పట్టీలు. ఒక్కో మట్టి పట్టీకి కొద్దిగా పైన ఎర్రటి గీత. గీతల్లో అక్కడక్కడా చమ్కీ తళుకు, పల్చటి గింజలు.

“ఈ మట్టి వానకాలంది,” అంది శివకుమారి. “చేనుమట్టి కొట్టుకొచ్చింది. ఈ ఎరుపేంది?”

“పసుపు,” అంది ఈరక్క వెంటనే. “పసుపును సున్నంలో వేస్తే ఎర్రగా కాదా? పారాణి తెల్దా నీకు?”

“పసుపు కుంటలోకి యాన్నుంచి వస్తాది అవ్వా?”

దేవేంద్రప్ప తుళ్ళిపడ్డాడు. మోకాళ్ళ మీద కూర్చుని గోటితో ఒక గింజ పెళ్ళగించి వేళ్ళ మధ్య నలిపాడు. “బూడిద గుమ్మడికాయ గింజ! ఓ పాపా! దసరా! ఆయుధపూజనాడు మిషన్లన్నీ కడుగుతారు. పసుపు, కుంకం, చమ్కీ కాగితాలు, పగలగొట్టిన గుమ్మడికాయ గుజ్జు, అన్నీ చీపురుతో కాలవలోకే కొడతారు. కాలవ యాడికి పోతాది? గొట్టంలోకి!” అతని మొహం వెలిగిపోయింది. చేపను పట్టినప్పుడు కూడా అంత సంతోషపడి ఉండడు. “పాత గని కాలంలో మిషన్లు యాడివి? పలుగూ ఉలీ తప్ప. పలుగుకు పూజ ఇంటికాడే చేసుకునేటోళ్ళం. ఇది మిషన్ల బురద!”

“లెక్క పెట్టు తాతా, లెక్క పెట్టు!”

అతను గని అలవాటు ప్రకారం పైనుంచి మొదలుపెట్టాడు. వేలు పెట్టి జరుపుకుంటూ వచ్చాడు. “ఇది పోయినేటి దసరా. ఇది ముందేటిది. ఇది ఆ ముందుది, చూడు, ఆ ఏడు వానలు శానా, మట్టి మందంగా ఉండాది. ఇది నాలుగు. ఇది ఐదు. ఇది…”

వేలు ఆగింది.

అడుగు గీత మిగతా వాటిలా సన్నగా లేదు. రెండు వేళ్ళ మందాన ఎర్రగా ఉంది. గింజలు గుప్పెడు ఉన్నాయి, కాయను అక్కడికక్కడే పగలగొట్టినట్టు. తొక్క ముక్క కూడా ఉంది. దాని కింద ఎర్రటి చేనునేల.

“ఇది ఆరు,” అంది శివకుమారి. “దీంట్లో ఇన్ని గింజలేంది తాతా? మిగిలినవి కొట్టుకొచ్చినవి. ఇది కొట్టుకొచ్చినట్టు లేదే.”

“ఎలకలు తెచ్చింటాయి,” అన్నాడు దేవేంద్రప్ప.

శివకుమారి నవ్వింది. ఈరక్క కూడా నవ్వింది. ఎలకల మీద ఒక కథ వస్తుందని ఇద్దరూ ఎదురు చూశారు. అతను గింజను బండకు తుడిచి, వేళ్ళు పంచెకు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు. చెంబులో మజ్జిగ అలాగే ఉంది. తాగకుండా లేచి వెళ్ళిపోయాడు.

*

శుక్రవారం పదకొండుకు ఆఫీసరు జీపు వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో రాసుకునే అట్ట, చెవుల వరకూ చెమట. ఆ రోజుకు ఇంకో మూడు చోట్లకు పోవాలని వచ్చీరాగానే చెప్పాడు. రామకృష్ణ కొబ్బరిబోండాం కొట్టించి ఇచ్చాడు. కుంట గట్టు మీద పాతిక మంది పోగయ్యారు. పెంగ్విన్ నీడలో కుర్చీ, గొడుగు అప్పుడే వేసి ఉన్నాయి. కుర్చీ మీద నీలం టోపీ ఉంది.

శివకుమారి గొట్టం తెరిచి చూపించింది. గీతలు, గింజలు, పసుపు, అన్నీ చెప్పింది. ఆఫీసరు వంగి శ్రద్ధగానే చూశాడు. ఫోటోలు తీసుకున్నాడు.

“బాగుందమ్మా. కానీ ఇవి ఏడాదికొకటని నేనెలా రాయను?”

“ల్యాబుకు పంపితే తేలుతాది సార్. మూడు నెలలు పడుతుంది.”

“మూడు నెలలు నా దగ్గర లేవు. ఈరోజే రాయాలి.”

రామకృష్ణ మెత్తగా కల్పించుకున్నాడు. “సార్, గుమ్మడి గింజలు యాడ లేవు? ఊర్లో ప్రతి ఇంట్లో దిష్టి తీసి కుంటలో పారేస్తారు. ఆరు గీతలు ఆరేండ్లవని ఎవరన్నారు? నేను ఇందులో ఏమీ వదల్లేదు. గొట్టమే లేదు. మా బురద ఆరబెట్టి లారీల్లో తోలిస్తా.”

“గొట్టం ఉందని చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?”

 ఈరక్క ముందుకొచ్చింది. “దేవేంద్రన్న చూసినాడు సార్. గొట్టం వెయ్యమంటే సమ్మెట పారేసి వచ్చిన మనిషి.”

గుంపులో కిసుక్కుమన్నారు. “చేప గూడా చూసినాడు సార్!” అన్నారెవరో. ఇంకొకరు, “తోక నాకిచ్చినాడు!” అన్నారు. ఆఫీసరుకు అర్థం కాక అటూ ఇటూ చూశాడు. రామకృష్ణ నవ్వుతూ దేవేంద్రప్ప భుజం మీద చెయ్యి వేశాడు. “పెద్దాయన చెప్తాడు సార్. ఈ బురద ఎప్పటిదో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెల్దు. చెప్పు దేవేంద్రప్పా.”

దేవేంద్రప్ప ఆ చేతిని చూశాడు. చీమ పట్టినట్టు భుజం విదిల్చాడు. తర్వాత ఈరక్కను చూడబోయి, చూడలేక, గొట్టం దగ్గరికి పోయి చతికిలబడ్డాడు.

“సమ్మెట పారెయ్యలేదు సార్,” అన్నాడు.

నవ్వులు ఇంకా ఆగలేదు.

“ఆయమ్మకు నేను చెప్పింది అబద్ధం. గొట్టం వేయించింది నేనే. ఒరిస్సా పిల్లోళ్ళను పెట్టి కాలవ తవ్వించినా. దసరానాడు మొదటిసారి బురద వదిలినాం. గొట్టం నోటికాడ గుమ్మడికాయ కొట్టాల, పెద్ద మేస్త్రీ కొట్టాలన్యారు. నేనే కొట్టినా.” అడుగు గీతలో వేలు పెట్టాడు. “ఇదే ఆ కాయ. లోపల కుంకం శానా పోసినా, ఓనరు సంతోషపడాలని. ఇది పడి ఆరేండ్లు. పైన ఉండేటివి ఐదూ ఫ్యాక్టరీలో కొట్టినవి.  ఆ నెల్లోనే మోకాళ్ళు పోయి పని మానేసినా సార్. కోపంతో కాదు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను చెప్పిన కథల్లో అతనే చెడ్డవాడుగా ఉన్నది ఇది మొదటిది. దాన్ని ఎలా వినాలో ఊరికి తెలియలేదు.

“ముసలోనికి మతి…” అని రామకృష్ణ మొదలుపెట్టాడు.

“ఆ గట్టు మీద కొట్టేసిన యాపమొద్దు కనబడుతాంది గదా,” అన్నాడు దేవేంద్రప్ప ఆఫీసరుతో. “దాన్నుంచి కుంటవైపు నాలుగడుగులు. గొట్టం నోటి మీద రెండంగుళాల నాపబండ కప్పినా. నేను చీల్చిన బండ. కిందివైపు మూడు ఉలిగాట్లు ఉంటాయి, నా గుర్తు. తవ్వించండి.”

ఆఫీసరు ఇద్దరిని తవ్వమన్నాడు. రామకృష్ణ ఫోను తీసి చెవికి పెట్టుకుని కారు వైపు నడిచాడు. పైన అట్ట పగిలింది. కింద పచ్చిబురద పెరుగులా కదిలింది. మూడడుగుల లోతులో పలుగు ఖంగుమంది.

“అదే,” అన్నాడు దేవేంద్రప్ప, చూడకుండానే.

బండ ఎత్తి తిరగేశారు. ఒకరు తువ్వాలుతో తుడిచారు. మూడు గాట్లు. గొట్టం నోట్లోంచి తెల్లటి ద్రవం ఒక్కసారిగా కక్కినట్టు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది. ఆఫీసరు బూటు మీద పడింది. అతను మొహం చిట్లించి వెనక్కి జరిగి, అట్ట మీద రాయడం మొదలుపెట్టాడు. “గొట్టం ఈరోజే మూయించాలి,” అన్నాడు రాస్తూనే. “పెద్దాయనా, ఇదంతా రాశాను. సంతకం చేస్తారా? మీ పేరు కూడా ఇందులో ఉంటుంది, చేసినవాళ్ళ కింద.”

“రాయండి. అడుగున రాయండి,” అని దేవేంద్రప్ప సంతకం చేశాడు. ఐదో తరగతి వరకు చదివిన అక్షరాలు, పెద్దగా, వంకరగా.

*

జీపు పోయింది. గుంపు విడిపోయింది. పోతూ పోతూ ఎవరూ అతన్ని పలకరించలేదు, ఆట పట్టించనూ లేదు. గాలికి బ్యానరు ఒక కొస ఊడి టపటప కొట్టుకుంటోంది. శివకుమారి గొట్టం రెండు ముక్కలకూ తడిగుడ్డ చుట్టి లోపలికి మోసుకుపోయింది.  

దేవేంద్రప్పకు ఇంటికి పోవాలంటే బావిగట్టు మీదుగానే దారి. ఈరక్క అక్కడ నిలబడి ఉంది. అతను తల వంచుకుని దాటబోయాడు.

“దేవేంద్రన్నా.”

ఆగాడు.

“ఆ దసరాకు మా ఇంటికి స్వీటు పొట్లం తెచ్చిచ్చినావు. నెయ్యి కారతాండ్య. ఎవరిచ్చినారంటే కర్నూలు నుంచి మీ బామ్మర్ది తెచ్చినాడంటివి.” ఆమె గొంతు పెంచలేదు. “కాయ కొట్టినందుకు ఇచ్చిందేనా అది?”

అతనికి బామ్మర్దులు లేరు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అప్పట్లో దానికి కూడా ఆమె నవ్వింది.

“అదే,” అన్నాడు. “పంచె, అరకిలో మైసూరుపాకు. సగం నేను తిన్యా. సగం నీకు తెచ్చినా.”

ఈరక్క తిట్టలేదు. బిందె దగ్గరికి పోయి, చెంబు ముంచి, నోరు నిండా నీళ్ళు పోసుకుని పుక్కిలించింది. ఆరేళ్ళ కిందట తిన్నది ఇప్పుడు నోట్లో ఉన్నట్టు, గొంతు లోపలి నుంచి, బండ మీద ఉమ్మింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ ఉమ్మింది. కొంగుతో మూతి తుడుచుకుని, చెంబులోకి చూసింది.

“పుక్కిలించడానికి గూడా ఈ నీళ్ళే ఉండాయి,” అంది.

చెంబు నింపి అతనికి చాచింది.

దేవేంద్రప్ప రెండు చేతులా అందుకున్నాడు. నోట్లో పోసుకున్నాడు. సున్నం నాలుక మీద పరుచుకుంది. పుక్కిలించి, ఆమె ఉమ్మిన దానికి జానెడు దూరంలో, నల్లటి నాపబండ మీద ఉమ్మాడు. ఎండ మాడుతోంది. చూస్తుండగానే తడి ఇంకిపోయింది. బండ మీద రెండు తెల్లటి మచ్చలు మిగిలాయి, పల్చటి పొరల్లా.